శివారు గదికి వై-ఫై

(ప్రసంగ పాఠము)

కృష్ణా డెల్టాలో కాలువ క్రింద సేద్యము చేయు కుటుంబములకు ‘శివారు’ అను మాటను విడమరచి చెప్పవలసిన పనిలేదు. తల కాలువలో నీరు ఒడ్డుల నొరసికొని పారుచుండును. లాకుల యొద్ద నిలిచి చూచినవారికి కొరత యేమియు కనబడదు. బోదె చివరనున్న మడి మాత్రము నెఱ్ఱెలు విచ్చుచుండును. ఆ మడి రైతు వచ్చి, “అయ్యా, నీరు రావడం లేదు” అని మొఱ పెట్టుకొన్నచో, ఎగువవారు, “కాలువ నిండుగానే పారుతోందే!” అందురు. ఇరువురు చెప్పునదియు నిజమే. అందుచేతనే ఆ తగవు ఒక పట్టాన తెగదు.

ఈ తగవే నేడు మన యిండ్లలోనికి మఱియొక రూపమున వచ్చినది. వీధిగదిలో ఇంటర్నెట్టు పరుగెత్తుచుండును. వెనుకగదిలో అడుగు తీసి అడుగు వేయదు. వెనుకగదిలో కూర్చున్నవారు చెప్పిన మాటను వీధిగదివారు నమ్మరు. ఇటీవల మా యింట నిట్టిదే జరిగినది. దానిని సరిచేసికొన్న విధమును శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మా అన్నగారి యిల్లు విజయవాడ సత్యనారాయణపురములో నున్నది. పాత కట్టడము, మందపు గోడలు. ఆయన మనుమరాలు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆ పిల్ల చదువుకొనునది వంటయింటికి ఆవలనున్న చిన్న గది. ఆమె చేతిలో నొక టాబ్లెట్ కలదు. మన పూర్వపు పలకవంటిదే గనుక మా యింట దానిని పలక అనియే పిలుతురు. రాత్రి ఎనిమిది గంటలకు ఆ పలకపై మాదిరి పరీక్ష వ్రాయుచుండగా రెండు పర్యాయములు మధ్యలో ఆగిపోయినదట. వ్రాసిన జవాబులు కూడ పోయినవి. ఆ సంగతి తాతగారితో చెప్పగా, “నా ఫోనులో సినిమా ఆగకుండా వస్తోంది. నీ పలకకే వచ్చిందా ఈ జబ్బు? చదవడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పు” అని ఆయన గద్దించిరి. నేను వెళ్లిన నాడు ఆ పిల్ల నన్ను ప్రక్కకు పిలిచి, “చిన్నతాతయ్యా, సాకులు చెబుతున్నానంటున్నారు. మీరైనా ఒక్కసారి చూడండి” అన్నది. ఆ మాట నాకు శివారు రైతు మాటవలె వినిపించెను.

ఈ పలకలు మన డెల్టాకు కేవలము వినోద వస్తువులు కావు. 2020లో బడులు మూతపడిన నెలలలో రేడియోతోను, దూరదర్శనముతోను పాటు ఇంటింటి తెరలే తరగతి గదులైనవి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును టాబ్లెట్లు పంచుట మొదలుపెట్టినది. వాని సంఖ్య 5 లక్షల 18 వేలకు పైబడినది. వానిలో పాఠములు ముందుగనే నింపి యిచ్చిరి గనుక వానిని చూచుటకు ఇంటర్నెట్టు ఉండి తీరవలెనని లేదు. ప్రత్యక్ష పాఠమునకు, పరీక్షకు మాత్రము ఆగని ధార కావలెను. ఆ ధారను ఊళ్లకు తెచ్చుటకై 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతులమీదుగ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైనది. కరెంటు స్తంభములమీదుగ గాజుతంతి పల్లెలకు నడచినది. ఇతర సంస్థల తంతులును వచ్చినవి. అనగా తల కాలువ మన గుమ్మము వఱకు వచ్చినది. మిగిలినది ఇంటిలోని బోదె.

ఇంటి గోడకు తగిలించిన రౌటరు అను పెట్టె ఈ బోదెకు లస్కరువంటిది. గుమ్మములోనికి వచ్చిన ధారను ఫోనులకు, టీవీకి, పలకకు పంచునది అదియే. ఆ పంపకము జరుగునది రేడియో తరంగములమీద. రేడియో వినువారికి ఈ సంగతి సులభముగ బోధపడును. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రమును మధ్యతరంగములలో 837 కిలోహెర్ట్‌జులపై విన్నవారు మనలో ననేకులు. ఆ తరంగము పొడవు దాదాపు 358 మీటర్లు. అంతటి తరంగమునకు మన యిల్లొక అడ్డు కాదు. వై-ఫై తరంగములు రెండు తెగలు. 2.4 గిగాహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జానెడైనను లేదు. 5 గిగాహెర్ట్‌జులది దానిలో సగమునకు లోపు. ఇంత చిన్న తరంగములు ఇటుకగోడలో కొంత ఇంకిపోవును. ఇనుప బీరువాను, నిలువుటద్దమును తాకి వెనుదిరుగును. నీటి తొట్టి వానిని త్రాగివేయును. 2.4 తెగ గోడలను కొంత మెఱుగుగ దాటును గాని వేగము తక్కువ. 5 తెగ వేగము గలది గాని గోడను ఓర్వలేదు. ఈ రెండు ముక్కలు గుర్తున్నచో తక్కిన పని సగమైనట్లే.

మొదట చేయవలసినది కొలత. కంపెనీవారికి ఫోను చేయుటగాని, ఎక్కువ ధర పథకమునకు మాఱుటగాని కొలిచిన పిమ్మటనే. వేగము కొలుచు ఆప్‌లు ఉచితముగ దొరకును. ఒకే పలకతో మూడు చోట్ల కొలవవలెను: రౌటరుకు రెండడుగుల దూరమున, నడిమి గదిలో, శివారు గదిలో. ఉదయ మొకసారి, రాత్రి ఎనిమిదింటి కొకసారి కొలిచి కాగితముమీద వ్రాసికొనవలెను. ఇక్కడ నొక పొరపాటు సామాన్యముగ జరుగును. కంపెనీవారు చెప్పు 40 అను అంకె మెగాబిట్లలో నుండును. మనము ఫైలు దించునప్పుడు తెరమీద కనబడునది తఱచుగ మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 40 మెగాబిట్లు 5 మెగాబైట్లతో సమానము. ఐదు కనబడినదని మోసపోయినట్లు భావింపరాదు.

మా యింట రౌటరు దగ్గఱ 38 వచ్చెను. నడిమి గదిలో 14. పిల్ల గదిలో ఉదయము 3, రాత్రి ఎనిమిదింటికి ఒకటికి లోపు. ఆ కాగితము చూపగా మా అన్నగారు కండ్లజోడు సవరించుకొని రెండుమార్లు చదివిరి. తగవు సగము అక్కడనే తీఱినది. తల కాలువలో నీరున్నది, శివారునకు చేరుట లేదు. పిల్ల చెప్పినది అక్షరాల నిజము.

రెండవది పలకను చూచుట. దానిని ఒకసారి పూర్తిగ ఆపి మరల వెలిగింపవలెను. వెనుక తట్టున ఏ ఆప్ అయినను తన్ను తాను నవీకరించుకొనుచున్నదేమో, వి.పి.ఎన్. ఏదైన నడచుచున్నదేమో పరికింపవలెను. బ్యాటరీ పొదుపు ఉన్నచో తీసి చూడవలెను. వై-ఫై సెట్టింగులలో మన యింటి పేరును మఱచిపొమ్మని చెప్పి, రహస్యపదము నిచ్చి మరల చేర్చినచో కొన్ని చిక్కులు వానంతట అవే విడిపోవును. అదే చోట పలక ఏ తెగమీద నున్నదో చాల పలకలలో కనబడును. తక్కువ ధర పలకలు కొన్ని 2.4 తెగను మాత్రమే ఎఱుగును. అట్టిదానికి 5 తెగను గూర్చి ఎంత పాటుపడినను వ్యర్థము. మా పలకకు రెండును తెలియును గాని ఆ గదిలో 2.4 మీదనే నిలిచియుండెను. గోడలు మూడున్నవి గనుక అది సహజమే.

మూడవది రౌటరు నివాసము. ఇక్కడ నేను నా తప్పు నొప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట ఆ పెట్టెను వీధిగదిలో టీవీ వెనుక అరలోనికి త్రోసినవాడను నేనే. తీగలు కనబడకుండ గది అందముగ నుండునని నా యూహ. ముందు టీవీ, ప్రక్కన ఇనుప బీరువా, మూలగోడ. దీపమును గంపక్రింద పెట్టి వెలుగు చాలలేదన్నట్లయినది. రౌటరు ఇంటి నడుమ, మనిషి ఎత్తున, నలుదిక్కుల తెఱపి గల చోట నుండవలెను. కంపెనీ మనిషిచేత తంతిని పొడిగింపజేసి నడిమి గది గుమ్మము ప్రక్క నెత్తుగ బిగించితిమి. గాజుతంతిని మనము లాగరాదు, మడువరాదు. గట్టిగ వంచినచో లోని వెలుగు బయటికి జాఱిపోవును. ఈ యొక్క మార్పుతో శివారు గదిలో 3 కాస్త 9 అయినది.

ఇక రౌటరు సెట్టింగులు. పలకలోని బ్రౌజరులో 192.168.1.1 అనిగాని, 192.168.0.1 అనిగాని కొట్టినచో ద్వారము తెఱచుకొనును. మీ పెట్టెకు చెల్లు చిరునామా, ప్రవేశపదము దాని అడుగున అంటించిన చీటీమీద నుండును. మొదటి నియమము: ఏది మార్చుటకు ముందైనను ఉన్న విలువను కాగితముమీద వ్రాసికొనవలెను. రెండవ నియమము: ఒక పర్యాయమున కొకటే మార్చి, మరల కొలువవలెను. నాలుగు తూములు ఒకేసారి త్రిప్పినవానికి ఏ తూమువలన నీరు వచ్చినదో తెలియదు. మూడవది నియమము కాదు, హెచ్చరిక. పెట్టె వెనుక సూది దూరునంత రంధ్ర మొకటి యుండును. దానిలో పుల్ల దూర్చి నొక్కరాదు. అది రౌటరును పుట్టిననాటి స్థితికి తెచ్చును. కంపెనీవారు పెట్టిన వివరములన్నియు చెఱిగిపోయి, ఉన్న ఇంటర్నెట్టు కూడ ఊడును.

మొదట ఛానలును చూడుడు. 2.4 తెగకు మన దేశమున 13 ఛానళ్లు కలవు. అంకెలు పదుమూడైనను ఒక ఛానలునకు మఱియొక దానికి ఎడము 5 మెగాహెర్ట్‌జులే. ఒక్కొక్క సంభాషణకు 20 మెగాహెర్ట్‌జుల వెడల్పు కావలెను. అందుచేత ఒండొంటిని తాకకుండుటకు సామాన్యముగ ఎన్నుకొనునవి 1, 6, 11. మా వీధిలో ఇల్లిల్లును ఆనుకొనియుండును. అపార్టుమెంట్లలో నివసించువారి సంగతి చెప్పనక్కరలేదు. పరిసరములలోని వై-ఫైలను చూపు ఆప్‌తో పరికింపగా పిల్ల గదిలో పదునాలుగు పేర్లు కనబడెను. మా రౌటరు 3వ ఛానలుపై నుండెను. 1కిని 6కిని నడుమ ఖాళీగ నున్నదని ఎవరో ఎన్నుకొనియుందురు. ఇది పైకి తెలివిగ తోచును గాని నష్టకరము. ఒకే ఛానలుపై నున్న రౌటర్లు ఒకదాని మాట నొకటి విని వంతులవారీగ మాటాడుకొనును. కాలువక్రింద వంతు పెట్టుకొన్నట్లే. సగము సగము కలిసిన ఛానళ్లపై నున్నవి ఒకదాని మాట నొకటి గ్రహింపలేవు. వానికి వినబడునది గరగర మాత్రమే. రాత్రివేళ మధ్యతరంగములలో దూరపు కేంద్రము మన కేంద్రముపై బడి రెండును చెడుట మీరు వినియుందురు. ఇదియు నంతే. మాకు 11 తెఱపిగ కనబడగా దానికి మార్చితిమి.

దాని ప్రక్కనే వెడల్పు అను సెట్టింగు కలదు. మా పెట్టెలో 40 అని యుండెను. వెడల్పు హెచ్చినచో వేగము హెచ్చునన్నమాట నిజమే, చుట్టుప్రక్కల ఇండ్లు లేని తోటలో. ఇరుకు వీధిలో 40 పెట్టినవాడు ఇరుగుపొరుగువారందఱి గరగరను పిలుచుకొన్నవా డగును. 2.4 తెగకు 20 చాలును. 5 తెగకు చోటు విశాలము. అక్కడ 80 పెట్టుకొనవచ్చును. ఆ తెగలో కొన్ని నడిమి ఛానళ్లు కొన్ని పలకలకు కనబడవు. పలకకు 5 తెగ పేరే కనబడనిచో 36 మొదలు 48 వఱకు గల ఛానళ్లలో నొకదానిని పెట్టి చూడుడు. ఈ రెండు మార్పులతో శివారు గదిలో 20 వచ్చెను.

పిమ్మట భద్రత. ఇది దొంగలకొఱకు మాత్రమే యని తలపరాదు. పాత పద్ధతులైన డబ్ల్యు.ఇ.పి., టి.కె.ఐ.పి. అనునవి ఉన్నచో క్రొత్త రౌటరు కూడ 54 మెగాబిట్ల పాత నడకకు దిగిపోవును. డబ్ల్యు.పి.ఎ.2, ఎ.ఇ.ఎస్. అని యున్నదానిని ఎన్నుకొనవలెను. పలక క్రొత్తదైనచో డబ్ల్యు.పి.ఎ.3 మఱింత మేలు. అక్కడనే, ఏయే ఉపకరణములు ధారను వాడుకొనుచున్నవో పట్టిక యుండును. మా పట్టికలో పదునేడు పేర్లుండెను. అందు నాలుగు ఎవరివో తెలియలేదు. ఏనాడో ఎదురింటి పిల్లలకు దయతో చెప్పిన రహస్యపదము చేతులు మాఱినది కాబోలు. రహస్యపదము మార్చగానే ఆ నాలుగును రాలిపోయినవి.

ఇన్ని చేసినను రాత్రి ఎనిమిదింటి చిక్కు మాత్రము పూర్తిగ పోలేదు. ఇరువది వచ్చుచున్న ధార సరిగా ఆ వేళకు నాలుగైదుకు పడుచుండెను. కంపెనీవారి తంతియే రద్దీగ నున్నదేమో యనుకొంటిమి. అట్లు జరుగుటయు కలదు. కాని ఆ వేళ పట్టిక విప్పి చూడగా ఒక ఫోను విడువకుండ సమాచారమును పైకి పంపుచుండెను. అది మా అన్నగారి ఫోను. ఆయన రాత్రి ఎనిమిదింటికి భోజనమునకు కూర్చుండుచు దానిని ఛార్జింగు పెట్టుదురు. ఛార్జింగు తగులగనే అది పగలు తీసిన బొమ్మలను, చుట్టములు పంపిన వీడియోలను దూరపు కొట్టులో దాచుటకు మొదలుపెట్టును. మనకు ఏ సమాచారము దిగివచ్చినను, ‘అందినది’ అను రసీదు పైకి పోవలెను. పైకి పోవు దారి నిండిపోయినచో రసీదులు ఆగును, రసీదులాగినచో దిగువ ధారయు ఆగును. ఎగువ రైతు రాత్రివేళ తెలియక తూము తెఱచి నిద్రించినట్లే ఇదియు. ఆయన దోషము లేదు. ఆయనకు తెలియదు, అంతే.

కొన్ని రౌటర్లలో క్యు.ఓ.ఎస్. అను సెట్టింగు కలదు. దానితో ఒక ఉపకరణమునకు ముందు వంతు, మఱియొక దానికి మితి ఏర్పరుపవచ్చును. మా పెట్టెలో అది యుండెను. పలకకు ముందు వంతు నిచ్చితిమి. ఆ సెట్టింగు లేనివారు ఇట్టి దాపకపు పనిని అర్ధరాత్రికి మార్చుకొన్నను చాలును. సంగతి చెప్పగా మా అన్నగారు ఏమియు ననలేదు. లేచిపోయి భోజనపు బల్ల యొద్దనున్న ఛార్జరును పీకి తెచ్చి తమ మంచము ప్రక్కన తగిలించిరి. “పడుకునేముందు పెట్టుకుంటాలే” అనిరి. పిదప మనుమరాలి గది గుమ్మమున నిలిచి, “ఇప్పుడు వస్తోందా అమ్మా?” అని యడిగిరి. పిల్ల తలయూపినది. మఱునాటి రాత్రి పరీక్ష ఆగలేదు. ఆ గదిలో 40 నిండుగ రాలేదు, మూడు గోడలావల రాదు కూడ. ఇరువదికి తగ్గకుండ నిలిచినది. పిల్లకు కావలసినది అంతియే.

ఇక కంపెనీవారిని ఎప్పుడు పిలువవలెను? రౌటరునకు తీగతో కంప్యూటరును తగిలించి కొలిచినను, అన్ని వేళలను వేగము తక్కువగనే యున్నచో అది తల కాలువ లోపము. ఎల్.ఓ.ఎస్. అను ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో వెలుగుతంతి తెగినదో వదలినదో అనుకొనవలెను. అప్పుడు మీరు వ్రాసికొన్న కాగితము మీకు సాక్ష్యము. “నెట్టు బాగాలేదండీ” అనువానికంటె, “పెట్టె దగ్గర తీగతో ఉదయం ఇంత, రాత్రి ఇంత వస్తోంది” అని చెప్పువాని మాట త్వరగ చెల్లును. పుటలు తెఱచుకొనుటకు జాగు చేసి, తెఱచుకొన్న పిమ్మట చక్కగ నడచుచున్నచో దోషము వేగములో లేదు, పేరునుబట్టి చిరునామా వెదకు డి.ఎన్.ఎస్.లో నుండవచ్చును. అక్కడ 8.8.8.8 అనిగాని, 1.1.1.1 అనిగాని పెట్టి చూడవచ్చును. శివారు గది మరీ దూరమైనచో సెట్టింగులతో కాదు. అక్కడికొక తీగ లాగి రెండవ పెట్టె నుంచుటయే తగిన పని.

కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1952లో దానికి గండి పడగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చినది. నది యొద్ద ఇంతటి కట్టడములు లేచినను, నాగాయలంకలోనో కోడూరులోనో ఉన్న రైతు మడికి నీరందినదా లేదా అని చూడవలసినది మడి యొద్దకు పోయియే. మన యింటిలోను అంతే. వీధిగదిలో నిలిచి తీర్పు చెప్పక, ఆ పలకను పట్టుకొని వెనుకగదిలో పది నిమిషములు కూర్చుండుడు. అక్కడ కూర్చుండువారు సామాన్యముగ ఇంటిలో మాట చెల్లనివారే: చదువుకొను పిల్లయో, దూరదేశమునందలి కొడుకు ముఖమును తెరపై చూచుకొను ముసలితల్లియో. వారు “రావడం లేదు” అన్నప్పుడు, ముందు కొలత తీసికొనుడు. కోపము తరువాత తీసికొనవచ్చును.